పాపికొండలు దాటాక



2012లో మార్చి నుంచి నవంబరు దాకా ప్రతి నెలా రెండో ఆదివారం నేను మన గుడిలో లేను. పాతవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. అయ్యగారు ఎక్కడికి వెళ్తున్నారని అప్పట్లో మీలో చాలామంది అడిగారు. వేరే సంఘం చూసుకుంటున్నారేమో అని కొందరు అనుకున్నారట, అదీ నా చెవిన పడింది. ఒక మిత్రుడి సంఘంలో వాక్యం చెప్పడానికి వెళ్తున్నానని మాత్రమే చెప్పాను. ఎందుకో చెప్పలేదు, ఎందుకంటే ఆ సంగతి నాది కాదు. పోయిన నెల ఆ మిత్రుడే ఫోన్ చేసి, నీ బ్లాగులో ఆ పడవ ప్రయాణం గురించి రాయొచ్చు కదా అన్నాడు. పేరు వద్దన్నాడు. ఇంకో షరతు కూడా పెట్టాడు, అది చివర్లో చెబుతాను.

సెమినరీలో మేం నలుగురం ఒకే గదిలో మూడేళ్ళు ఉన్నాం. ఒకాయన బడిలో కొన్నాళ్ళు పాఠాలు చెప్పి, ఆ ఉద్యోగం వదిలేసి సేవకు వచ్చినవాడు. మాకంటే పెద్ద. ఆయన్ని ఇప్పటికీ మాస్టారూ అనే పిలుస్తాం. ఇంకొకడు గుంటూరు వైపు తమ్ముడు. మూడోవాడు మా పాటగాడు. చాపెల్లో హార్మోనియం ముందు వాడు కూర్చుంటే ఇంకెవరూ పాట ఎత్తేవారు కాదు. నాలుగోవాణ్ణి నేను. తర్వాత తలో ఊరు వెళ్ళిపోయాం. ఏటా క్రిస్మస్, వాచ్‌నైట్, జనవరి ఉజ్జీవ సభలు అయిపోయి, శ్రమకాలం మొదలవకముందు ఒక మూడు నాలుగు రోజులు ఖాళీ దొరుకుతుంది. ఆ రోజుల్లో ఏదో ఒక చోట కలుసుకోవడం మా అలవాటు. ఆ సంవత్సరం గోదావరి మీద పోదామన్నది మాస్టారు. టూరిస్టు లాంచీ కాదు, నాటు పడవ.

పాస్టర్లకు విహారయాత్ర ఏమిటని ఎవరికైనా అనిపిస్తే, మార్కు సువార్త 6వ అధ్యాయం చూడండి. శిష్యులకు అన్నం తినడానికి కూడా తీరిక లేనప్పుడు, ఏకాంత స్థలానికి వచ్చి కాసేపు అలసట తీర్చుకోమని పిలిచింది ప్రభువే. వాళ్ళు వెళ్ళింది కూడా పడవ మీదే. కాకపోతే ఆ అవతలి గట్టున ఏం జరిగిందో మీకు తెలుసు. జనం కాలినడకన వాళ్ళకంటే ముందే అక్కడికి చేరుకున్నారు.

మేం భద్రాచలం మీదుగా బస్సులో కూనవరం వెళ్ళాం. అక్కడ శబరి వచ్చి గోదావరిలో కలుస్తుంది. పోలవరం దాకా వెదురు దింపడానికి పోతున్న ఒక తాత తన పడవలో మమ్మల్ని ఎక్కించుకోవడానికి ఒప్పుకున్నాడు. తిరుగు ప్రయాణంలో లాంచీ వెనక కట్టించుకుని వస్తాడట. పడవలో ముందు సగం వెదురు, వెనక సగం మేం. మధ్యలో తాటాకు గూడు. తాతకు తోడు పదిహేనేళ్ళ మనవడు. చుక్కాని తాతది, గెడ మనవడిది.

మొదటి రెండు రోజుల గురించి ఎక్కువ రాయను. ఫిబ్రవరిలో గోదావరికి ఉరవడి ఉండదు. నీళ్ళు ఆకుపచ్చగా, తేటగా ఉంటాయి. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గెడ. రెండు పక్కలా వెదురు పొదలు, టేకు చెట్లు, అక్కడక్కడ పోడు కాల్చిన మచ్చలు. పేరంటాలపల్లి దగ్గర ఆగాం. కొండ మీంచి దిగే వాగు నీళ్ళు తాగాం. కొండలు దగ్గరకు వచ్చే కొద్దీ సెల్ సిగ్నల్ పోయింది. గుంటూరు తమ్ముడు కాసేపు చెయ్యి పైకెత్తి వెతుక్కుని, చివరికి ఫోన్ సంచిలో పడేశాడు. రాత్రుళ్ళు ఇసుక తిన్నెల మీద పడుకున్నాం. అడవి అంచున వద్దని తాత గట్టిగా చెప్పాడు. రెండో సాయంత్రం జాలర్ల దగ్గర ఒక వాలుగ చేప కొన్నాం. మూడు రాళ్ళ పొయ్యి మీద పెట్టిన ఆ పులుసు రుచి ఇప్పటికీ మా నోళ్ళలో ఉంది.

ఆ రెండు రోజులూ పాటగాడు పాడలేదు. ఈ మాట ఒక్కటీ మాత్రం రాయాలి. పాడమని మేం అడగలేదు. బయలుదేరేముందే కూనవరం రేవులో, వాడు నీళ్ళు తేవడానికి వెళ్ళినప్పుడు మాస్టారు మా ఇద్దరితో, "వాణ్ణి ఏమీ అడగొద్దు. వాడే చెప్పాలనుకుంటే చెబుతాడు. చెప్పకపోతే పడవలో వచ్చాడు, అంతే చాలు" అన్నాడు.

ఎందుకంటే 2010 అక్టోబరులో వాడి కొడుకు చనిపోయాడు. 8 ఏళ్ళు. డెంగీ జ్వరం. మంగళవారం జ్వరం వచ్చింది, వచ్చే మంగళవారానికి పిల్లాడు లేడు. భూస్థాపనకు మేం ముగ్గురం వెళ్ళాం. ఆ తర్వాత ఆదివారమే వాడు ప్రసంగ వేదిక ఎక్కి వాక్యం చెప్పాడు, వద్దని ఎవరూ అనలేదు కాబట్టి. అప్పటినుంచి ఒక్క ఆదివారం కూడా మానలేదు. రెండు పెళ్ళిళ్ళు చేశాడు, ఆరు భూస్థాపనలు చేశాడు. ఊరు ఊరంతా, ఎంత విశ్వాసమో చూడండి అంటూ వాణ్ణి పక్క సంఘాలకు ఉదాహరణగా చూపించింది. అయితే అదే సంఘంలో ఒక ప్రార్థన కూడికలో ఒకరు లేచి, పాస్టరు గారి ఇంట్లో ఏదో దాచిపెట్టిన పాపం ఉండకపోతే ఇలా జరగదు అన్నారు. అప్పుడు వాడి భార్య ఆ గదిలోనే ఉంది.

చివరి రోజు గురువారం. తెల్లవారకముందే పడవ కదిలింది. పాపికొండల ఇరుకు అంతకు ముందు రోజే దాటాం. పాపిడిలా రెండు కొండల మధ్య నది పోతుంది కాబట్టి ఆ పేరు వచ్చిందని అక్కడివాళ్ళు చెబుతారు. ఇప్పుడు కొండలు కొద్దికొద్దిగా వెనక్కి జరుగుతున్నాయి. నీళ్ళ మీద పొగమంచు. కచ్చులూరు మందం దగ్గరకు వచ్చేసరికి తాత మమ్మల్ని గూట్లో కూర్చోమన్నాడు. "అటూ ఇటూ కదలకండి బాబూ, ఇక్కడ నీళ్ళు పైకి కనపడేది ఒకటి, లోపల తిరిగేది ఒకటి." అది దాటేదాకా తాతా మనవళ్ళు ఒక్క మాట మాట్లాడుకోలేదు. ఏడేళ్ళ తర్వాత, 2019 సెప్టెంబరు 15న, గోదావరి వరద మీద ఉండగా సరిగ్గా అక్కడే పర్యాటకుల పడవ మునిగి ఎంతోమంది పోయారు. ఆ వార్త విన్న రోజు నాకు ముందు గుర్తొచ్చింది తాత ముఖమే.

మందం దాటాక పొద్దెక్కింది. మాస్టారు దుమ్ముగూడెం కబుర్లు మొదలుపెట్టాడు. ఆయనకు చరిత్ర పిచ్చి. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కాటన్ దొర గురించి మన గోదావరి జిల్లాల్లో తెలియనివాళ్ళు లేరు. 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తి చేశారు. ఆ దొరకే ఇంకో కల ఉండేది. గోదావరి మీద పడవలు సముద్రం నుంచి మధ్య భారతం దాకా పోవాలని. దారిలో పడవలు పోలేని రాళ్ళ అడ్డంకులు ఉన్న చోట్ల ఆనకట్టలు, లాకులు, కాలువలు కట్టాలి. ఆ పనిలో ఉన్న ఇంజనీరు హేగ్ దొర. భద్రాచలం పైన దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట, లాకులు కట్టారు. అక్కడే 1860 ప్రాంతంలో ఆయన కోయవాళ్ళ మధ్య సువార్త పని మొదలయ్యేలా చేశాడు. 1871లో ప్రభుత్వం ఆ పడవల పథకాన్నే ఆపేసింది. అంత డబ్బు, అంతమంది కూలీల చెమట, జ్వరాలతో పోయిన ప్రాణాలు, అన్నీ మధ్యలో ఆగిపోయాయి. "ఉద్యోగం ఇచ్చిన పని ఆగిపోయింది. పక్కన పెట్టుకున్న పని మిగిలింది" అన్నాడు మాస్టారు. ఆయన అది మామూలు కబురుగానే చెప్పాడు. పాటగాడు మాత్రం నీళ్ళలోంచి తల తిప్పి ఆయన వైపు చూశాడు.

దేవీపట్నం దాటుతుండగా అనుకుంటాను, ఫోన్లు మోగడం మొదలైంది. మూడు రోజుల మెసేజులు ఒక్కసారిగా. గుంటూరు తమ్ముడి సంచిలో ఫోన్ టింగు టింగుమంటూనే ఉంది. శిష్యులకంటే ముందే గట్టుకు చేరిన జనం గుర్తొచ్చారు నాకు. పాటగాడి ఫోన్ కూడా మోగింది. తెర మీద పేరు చూశాడు. వాళ్ళ సంఘ పెద్ద. ఎత్తలేదు. మళ్ళీ మోగింది. మళ్ళీ చూశాడు. మూడోసారి మోగినప్పుడు ఫోన్‌ని ఇసుక అంటిన తుండులో చుట్టి పక్కన పెట్టాడు.

"ఆదివారం పిల్ల ప్రతిష్ఠ ఉంది. దానికోసం" అన్నాడు.

మేం ఏమీ అనలేదు.

"పిల్లను చేతుల్లోకి తీసుకుని ప్రార్థన చెయ్యాలి కదా. నేను ప్రార్థన చెయ్యట్లేదురా. పదహారు నెలలైంది. ఆదివారం చేసేది నోటితో. ఇంటికెళ్ళాక ఒక్క మాట రాదు. మోకాళ్ళ మీద కూర్చుంటే వాడి చెప్పులు కనపడతాయి. మంచం కింద ఉన్నాయి, తీయలేదు ఎవరమూ." కాసేపు ఆగి, "ఈ ఆదివారం నేను నిలబడలేను. మీరు నాకు వాక్యం చెప్పకండి. నాకు తెలిసినవే మీకూ తెలుసు" అన్నాడు.

అప్పుడు తాత చేసిన పని నేను చచ్చేదాకా మరచిపోను. ఆయనకు మేం పాస్టర్లమని తెలుసు, అంతే. మా మాటల్లో ఎంత అర్థమైందో తెలియదు. మనవడి వైపు చూసి చెయ్యి కిందికి ఊపాడు. కుర్రాడు గెడ పైకి తీసి పడవలో పెట్టేశాడు. చుక్కాని తాత చంకలో ఉంది. పడవ తనంతట తానే, మనిషి నడిచే దానికంటే నెమ్మదిగా, నీటి మీద పోసాగింది. "గాలి లేదు బాబూ, తొందరేం లేదు" అన్నాడు తాత. గంటన్నరలో చేరాల్సిన రేవుకు మాకు నాలుగు గంటలు పట్టింది.

ఆ నాలుగు గంటల్లో వాడు చెప్పినవన్నీ రాయను. పిల్లాడి గురించే ఎక్కువ. వాడికి చేపలంటే భయమట. సండే స్కూల్లో యోనా కథ చెప్పినప్పటినుంచి చెరువు గట్టు మీదికి వెళ్ళేవాడు కాదట. ఆసుపత్రిలో చివరి రెండు రోజులు నీళ్ళు నీళ్ళు అన్నాడట. ఇవన్నీ చెబుతూ మధ్యలో ఒకసారి నవ్వాడు కూడా. ఎండ ముదిరాక తాత "నీడలోకి రండయ్యా" అని పిలిస్తే గూట్లోకి వచ్చి, మాస్టారు ఒళ్ళో తల పెట్టుకుని పడుకున్నాడు. మీసాలు నెరుస్తున్న మనిషి.

యోబు గ్రంథం చదివేటప్పుడు మనం ఆ ముగ్గురు స్నేహితుల్ని తిట్టుకుంటాం. కానీ 2వ అధ్యాయం 13వ వచనం దగ్గర ఒకసారి ఆగండి. యోబు బాధ ఎంత పెద్దదో చూసి, వాళ్ళు ఏడు పగళ్ళు ఏడు రాత్రులు నేల మీద అతనితోపాటు కూర్చున్నారు, ఎవరూ ఒక్క మాట మాట్లాడలేదు. ఆ పుస్తకం మొత్తంలో వాళ్ళు చేసిన మంచి పని అదొక్కటే. చివరికి దేవుడు కోప్పడింది వాళ్ళ మౌనానికి కాదు, తర్వాత మాట్లాడిన మాటలకు. మాకు సెమినరీలో యోబు మీద ఒక టర్మంతా పాఠం ఉంది. ఆ ముగ్గురి ప్రసంగాలకు జవాబులు రాసి మార్కులు తెచ్చుకున్నాం. ఆ ఏడు రోజుల గురించి ప్రశ్న ఏ పరీక్షలోనూ రాలేదు. చావు ఇంటికి వెళ్ళినప్పుడు మన నోరు ఊరుకోదు. ఏదో ఒక వచనం చెప్పి లేస్తే తప్ప పని అయినట్టు ఉండదు. దేవుడికి కావాల్సి తీసుకున్నాడు అంటాం. ఆ తల్లికి అది ఎలా వినిపిస్తుందో ఆలోచించం.

పోలవరం రేవులో దిగేటప్పటికి మూడయింది. తాతకు డబ్బులిచ్చాం. రేవు మీద టీ తాగుతూ నిలబడే తేల్చుకున్నాం. మొదటి ఆదివారం ప్రభు బల్ల ఉంటుంది కాబట్టి మాస్టారు. రెండో ఆదివారం నేను. మూడోది గుంటూరు తమ్ముడు. నాలుగోది వాళ్ళ పెద్దలే చూసుకోవాలి. ఎన్నాళ్ళని ఎవరూ అడగలేదు. ముందున్న ఆదివారానికి మాత్రం మాస్టారు ఇంటికి కూడా వెళ్ళకుండా వాడితోపాటే బస్సెక్కాడు.

వాళ్ళ సంఘ పెద్దలు ముందు ఒప్పుకోలేదు. రెండు రాత్రులు కూర్చున్నారు. పాస్టరు వాక్యం చెప్పకపోతే జీతం ఎందుకని ఒకరు, కట్నాలు పడిపోతాయని ఒకరు. ఆ మాటలు అనడం తేలిక, కానీ వాళ్ళకూ తమ సంఘం గురించి భయం ఉంటుంది, దాన్ని నేను తప్పు పట్టను. చివరికి సగం జీతం, పిల్లదాని పరీక్షలయ్యేదాకా ఇల్లు ఖాళీ చెయ్యనక్కర్లేదని తేల్చారు. కొన్ని వారాల తర్వాత, కూడికలో ఆ మాటన్న మనిషే ఒక బస్తా బియ్యం ఇంట్లో దింపి, ఏమీ మాట్లాడకుండా వెళ్ళిపోయారట.

ఆ మొదటి ఆదివారం మాస్టారు 88వ కీర్తన చదివాడు. కీర్తనల్లో చాలావాటికి చివర ఎక్కడో ఒక వెలుగు ఉంటుంది. అది చీకటి అన్న మాటతోనే ఆగిపోతుంది. చదివి, బైబిలు మూసి, ఇది కూడా దేవుడి పుస్తకంలో ఉంది అని మాత్రం అన్నాడట. పాటగాడు వెనక బెంచీలో కూర్చుని విన్నాడు. ఆ తర్వాత కొన్ని ఆదివారాలు వచ్చేవాడు, కొన్ని వచ్చేవాడు కాదు. ఆ గురువారం రాత్రి ఇంటికెళ్ళి భార్యతో ప్రార్థన సంగతి చెబితే ఆవిడ, "నాకు తెలుసు. మీరు 'ఆమేన్' తొందరగా అనేస్తున్నారు" అందట. చెప్పులు ఆ వేసవిలో ఇద్దరూ కలిసి తీశారు.

ఆ తొమ్మిది నెలలూ మన సంఘం ఎలా నడిచిందో మీకే బాగా తెలుసు. పెద్దలు వంతులేసుకున్నారు. ఒకాయన వాక్యం మూడు నిమిషాల్లో ముగించేసి, ఇక పాటలు పాడుకుందాం అన్న ఆదివారం గురించి ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు మనవాళ్ళు. ఎందుకో తెలియకుండానే మీరు నన్ను పంపించారు. ఒక్కరు కూడా కానుక తగ్గించలేదు, మన కోశాధికారి పుస్తకంలో ఉంది. అక్కడ ఒక మనిషి ఊపిరి తీసుకోవడానికి మీరు చోటిచ్చారు. ఆ సంగతి మీకు తెలియాలనే ఇదంతా రాస్తున్నాను.

వాడు మళ్ళీ ప్రసంగ వేదిక ఎక్కలేదు. నవంబరులో రాజీనామా ఇచ్చి, ఏజెన్సీలో మగపిల్లల హాస్టలుకు వార్డెన్‌గా వెళ్ళాడు. పాపం సేవ వదిలేశాడు అని ఎవరైనా నా దగ్గర అంటే నాకు కోపం వస్తుంది. డెంగీ దోమ ఎక్కువగా నిలవున్న మంచినీళ్ళలో పుడుతుంది, పగటిపూట కుడుతుంది. అందుకని వాడు రోజూ పొద్దున్నే హాస్టలు చుట్టూ తిరిగి కొబ్బరి చిప్పలు బోర్లిస్తాడు, పాత టైర్లలో నీళ్ళు ఒంపేస్తాడు, తొట్లు కడిగిస్తాడు. పదేళ్ళు దాటింది ఈ పని మొదలుపెట్టి. ఏ పిల్లాడికి ఒళ్ళు వెచ్చబడినా రాత్రి ఎన్ని గంటలైనా మోటారు సైకిలు మీద ఆసుపత్రికి తీసుకుపోతాడు. ప్రార్థన తిరిగి ఎప్పుడు వచ్చిందని ఒకసారి అడిగాను. తేదీ ఏమీ లేదురా అన్నాడు. సాయంత్రాలు పిల్లలకు పాటలు నేర్పుతాడు.

మేం పోయిన ఆ దారి ఇప్పుడు లేదు. పోలవరం దగ్గర నదికి అడ్డంగా కాఫర్ డ్యామ్ వచ్చాక నీళ్ళు వెనక్కి నిలిచిపోయాయి. దేవీపట్నం మునిగింది, అక్కడివాళ్ళు పునరావాస కాలనీలకు వెళ్ళిపోయారు. మేం పడుకున్న ఇసుక తిన్నెలూ, మూడు రాళ్ళ పొయ్యీ నీటి కిందే. కూనవరం నుంచి పోలవరం రేవు దాకా పడవలో దిగిరావడం ఇక కుదరదు. తాత ఏమయ్యాడో మాకు తెలియదు. మనవడికి ఇప్పుడు ముప్పై ఏళ్ళకు దగ్గరగా ఉంటాయి.

ఇక ఆ షరతు. పేరు రాయకు, మిగతాదంతా రాయి, కానీ ఆ వాలుగ పులుసు వండింది నేనని రాయి, ఆ రోజు నువ్వు ఉల్లిపాయలు మాడ్చేశావు, మళ్ళీ కోయాల్సి వచ్చింది, అదీ రాయి అన్నాడు. రాశాను.